చెరో చక్రం

నేను ఒక కోత మిషన్ని. దుంగలను పలకలుగా కోస్తాను. పైన ఒక ఇనప చక్రం, కింద ఒక ఇనప చక్రం, ఆ రెంటినీ చుట్టుకుని పళ్లున్న ఉక్కు పట్టా. కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది, పట్టా కదులుతుంది, పట్టా లాగితే పై చక్రం తిరుగుతుంది. నా శరీరం ఇంతే. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, మా ఇంటివాళ్లు నాకు చేసిన పని అర్థం కావాలంటే ఈ రెండు చక్రాల సంగతి మీకు తెలిసి ఉండాలి.

ఒకటిగా ఉన్నదాన్ని రెండు చేయడం నా వృత్తి. అయినా ఎవరైనా గేటు దాటి వెళ్లిపోతుంటే నాకు ఇప్పటికీ గుబులుగానే ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి అంటుకుని పెరిగిన రెండు పొరలు నా దగ్గర విడిపోతాయి. ఒకటి ఎవరి పెళ్లి మంచానికో పోతుంది, ఇంకొకటి ఏ బడి బల్లకో పోతుంది. క్షేమంగా చేరాయో లేదో, ఎండకు పగిలాయో, వానకు ఉబ్బాయో నాకెవరూ కబురు చెప్పరు. ఇంతకాలం ఇదే పని చేస్తూ ఇంకా అలవాటు పడలేదా అని మీరు అడగవచ్చు. పడలేదు.

నన్ను పోతపోసిన ఊరి పేరు నా ఒంటి మీదే ఉండేది. రంగు మీద రంగు వేసి దాన్ని కప్పేశారు. చలి ఊరని మాత్రం గుర్తు. ఓడలో కాకినాడ రేవుకు వచ్చి, అక్కడినుంచి కాలువ పడవలో గడ్డి మీద పడుకుని ధవళేశ్వరం చేరాను. తెల్లదొరలు ఇంకా ఉన్న రోజులు. నన్ను కొన్న చిట్టూరి వీరభద్రం గారు కాలువ గట్టు మీద నిలబడి, పడవ ఎక్కడ ఒరిగిపోతుందోనని నాకంటే ఎక్కువ భయపడ్డారు. ఒడ్డుకు చేర్చాక నా చక్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త కోడలిని చూసినట్టు చుట్టూ తిరిగి చూసుకున్నారు. ఆ తరవాత ఆయన నాకు ఒక్కరోజు కూడా సెలవివ్వలేదు. మనుషుల మర్యాద అలాగే ఉంటుంది.

అప్పట్లో ఏజెన్సీ కొండల్లో నరికిన మాన్లు తెప్పలుగా గోదావరి మీద దిగివచ్చేవి. వాటిని నేను దూలాలు చేశాను, వాసాలు చేశాను, ద్వారబంధాలు చేశాను. వీరభద్రం గారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సత్తిరాజు కింద గోతిలో ఉండే మోటారునూ, కింది చక్రాన్నీ చూసుకునేవాడు. చిన్నవాడు భూషణం నిచ్చెన ఎక్కి పై చక్రాన్నీ, పట్టా బిగువునూ చూసుకునేవాడు. తండ్రి ఉన్నంతకాలం వాళ్ల మధ్య మాటలు తక్కువ. దుంగ తెగుతుంటే నా హోరులో మాటలు వినబడవు గనక, అవసరమూ లేకపోయింది. సాయంత్రం ఆఖరి దుంగ తెగాక తమ్ముడు పైనుంచి ఆపమనేవాడు, కింద అన్న ఆపేవాడు.

తండ్రి పోయాక గొడవ పొట్టు దగ్గర మొదలైంది. నా కింద రాలే రంపపు పొట్టు ఆ రోజుల్లో ఊరందరికీ కావాలి. రేకు పొయ్యిలో కూరి అంటిస్తే ఒక పూట వంట అయిపోయేది. ఆ పొట్టు బుట్టలు అమ్ముకునే హక్కు పెద్ద కోడలిదా, చిన్న కోడలిదా అన్నది తగువు. పెద్ద కోడలు ఒక పొద్దున్నే కుప్ప చుట్టూ తడిక కట్టించింది. చిన్న కోడలు లోవలక్ష్మి అది చూసి, "మా ఆయన పైనుంచి సరిగ్గా తిప్పితేనే కదక్కా, కింద మీకు పొట్టు" అంది. నవ్వేసి ఊరుకోవాల్సిన మాట. అన్నదమ్ములు దాన్ని పట్టుకున్నారు. ఆడవాళ్లిద్దరూ ఒకే బిందెతో నీళ్లు తోడుకుంటున్న రోజుల్లోనే మగవాళ్లు పంపకాలకు పెద్దమనుషులను పిలిచారు.

ఇల్లూ, మిల్లు స్థలమూ పెద్దవాడికి, కోటిపల్లి దారిలో ఉన్న కొబ్బరితోట చిన్నవాడికి అని తేలింది. నా దగ్గరికి వచ్చేసరికి ముడి పడింది. అమ్మి పంచుకోమన్నారు. నాన్న కొన్నదాన్ని అమ్మనన్నాడు సత్తిరాజు. ఒక ఏడు ఒకరు, ఒక ఏడు ఒకరు నడుపుకోమన్నారు. అన్న అరగదీసి వదిలేసినదాన్ని నేను నడపనన్నాడు భూషణం. భోజనాల వేళ దాటిపోతోంది. చివరికి ఒక పెద్దమనిషికి విసుగొచ్చి, "అయితే చెరో చక్రం పట్టుకుపోండిరా" అన్నాడు. ఆయన వెటకారంగా అన్నాడు. వీళ్లిద్దరూ సరేనన్నారు.

నన్ను ఊడదీసి పై చక్రాన్ని ఎడ్లబండికి ఎత్తారు. బండి కదిలే ముందు భూషణం ఇంటి గుమ్మం దాకా వెళ్లాడు. వదినకు చెప్పి పోదామనుకున్నాడేమో. లోపలినుంచి సత్తిరాజు తలుపు వేశాడు. చప్పుడు చేయకుండానే వేశాడు, అయినా ఆ తలుపు బరువైనది, నేనే కోసిన టేకు. అది మూసుకోవడం వీధి చివరిదాకా వినబడింది.

మనిషిని రెండు ముక్కలు చేస్తే పోతాడు. నేను పోలేదు. గోతిలోనూ ఉన్నాను, తోటలోనూ ఉన్నాను. రెండు ఇళ్లనూ చూస్తూ బతికాను గనక ఇద్దరి సంగతులూ నాకు తెలుసు, వాళ్లకే ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

తోటలో భూషణం నన్ను గోడకు ఆనించి, కొన్నాళ్లు నూనె గుడ్డతో తుడిచాడు. తరవాత మనవలు పుట్టారు, నడవడం నేర్చుకున్నారు, దొడ్లో నుయ్యి ఉంది. లోవలక్ష్మి ఇద్దరు కూలీలను పిలిచి నన్ను దొర్లించుకుపోయి నూతి మీద మూతగా వేయించింది. నా చువ్వల సందులోంచి చేద దిగుతుంది, పిల్లవాడు దిగడు. ఎండాకాలం నా మీద వడియాలు పెట్టేది. చలి ఊళ్లో పుట్టినదాన్ని, గుమ్మడి వడియాల కింద నిద్రపోయాను.

గోతిలో నా మీదికి వరద నీళ్లు వచ్చి బురద వదిలిపోయాయి. సత్తిరాజు ఇంకో చక్రం కొనవచ్చు. కొంటే తమ్ముడి చక్రం అక్కర్లేదని ఊరికి చెప్పినట్టవుతుందని కొనలేదు. తమ్ముడి చక్రం అడగవచ్చు. అడిగితే తమ్ముడు కావాలని చెప్పినట్టవుతుందని అడగలేదు. ఏడాదికొకసారి మిల్లు లైసెన్సు మాత్రం తిరగరాయించుకునేవాడు. కోత లేని మిల్లుకు లైసెన్సు ఎందుకని అడిగినవాళ్లకు, "ఉండనీ" అనేవాడు. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పకుండానే పోయాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, పేరు పేరంటాలు. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, రాజమండ్రిలో ఒక టింబరు డిపోలో బిల్లులు రాసే పనికి కుదిరింది. తలుపు పక్కన ఒక స్టూలు, ముందు ఒక బల్ల. దుంగను చూసి అందులో ఎన్ని పలకలు వస్తాయో చెప్పగలిగేది గానీ, ఎవరూ అడిగేవారు కాదు. తండ్రి మిల్లును తను మళ్లీ తెరుస్తానని ఒకరోజు నోరు జారితే డిపో యజమాని నవ్వి, "మీ షెడ్డులో పావురాలు చాలా ఉన్నాయంట కదమ్మా, వాటిక్కూడా లైసెన్సు ఇప్పిస్తావా" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె బిల్లు రాయడం ఆపలేదు. ఆ స్టూలు మీదే ముసలిదాన్నవుతానని ఆమెకు ఆ రోజు తెలిసింది.

లైసెన్సు తన పేరుకు మార్చుకోవడానికి వెళితే అటవీశాఖ రేంజరు గారు మర్యాదగానే మాట్లాడాడు. కొత్తవి ఇవ్వడం లేదనీ, ఉన్నది నిలవాలంటే మిల్లు మిల్లులా ఉండాలనీ చెప్పాడు. "నెలాఖరున నేనే వస్తానమ్మా. నా కళ్ల ముందు దుంగ తెగితే నడుస్తోందని రాస్తాను. తెగకపోతే నేను చేసేదేమీ లేదు, కొట్టేయాల్సిందే." కొట్టేస్తే ఆ స్థలం కోసం పక్కనే కాచుకుని ఉన్న ఫంక్షన్ హాలు వాళ్లు వస్తారు. పేరంటాలు మళ్లీ స్టూలు మీదికి వెళుతుంది. ఇది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

డిపోకు సెలవు పెట్టి, ఆమె చీర చెంగు నడుముకు బిగించి గోతిలోకి దిగింది. ఫిట్టరు యేసుపాదం తోడొచ్చాడు. బురద తోడారు, కిరసనాయిలుతో తుప్పు కడిగారు, మోటారుకు కొత్త తీగ చుట్టించారు, షెడ్డు మీద రేకులు మార్చారు. పావురాలు రెండు రోజులు అలిగి మళ్లీ వచ్చాయి. పై చక్రం మాటే మిగిలింది. పేరంటాలు బాబాయిని అడగదలుచుకోలేదు. రాజమండ్రి లేతు షాపులో కొత్త చక్రం చేయించి బిగించింది. మోటారు వేయగానే పట్టా పక్కకు నడిచి, చక్రం అంచు దాటి, పాములా లేచి గోడకు కొట్టుకుంది. దేవుడి దయ, ఎవరికీ తగల్లేదు.

యేసుపాదం చెమట తుడుచుకుని, "ఆయ్, ఇది దాని జత కాదండి. రెండూ ఎడం కాలి చెప్పులే కొనుక్కొచ్చినట్టుందండి" అన్నాడు. ఆమె నవ్వలేదు. గోడ మీద పడిన గీతను వేలితో తడిమి చూసింది. మర్నాడు కోటిపల్లి బస్సెక్కింది.

భూషణం అరుగు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ఆమె వచ్చి నిలబడితే తలెత్తి చూశాడు, మళ్లీ కాయ అందుకున్నాడు. కూర్చోమని లోవలక్ష్మే చెప్పి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పేరంటాలు ఎందుకు వచ్చిందో చెప్పింది. రేంజరు మాట చెప్పింది, నెలాఖరు చెప్పింది. ఆయన వింటున్నాడో లేదో తెలియకుండా పీచు తీస్తూనే ఉన్నాడు.

"మీ నాన్న పోయిననాడు నేను కాలవగట్టు దాకా వచ్చాను" అన్నాడు చివరికి.

"చూశాను బాబాయ్."

"చూసి పిలవలేదే?"

"గట్టు దాకా వచ్చినోడివి, గుమ్మం దాకా రాలేదే?"

కాయ ఒలిచే గునపం ఆగింది. అప్పుడు ఆయన చక్రం తీసుకుపొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. అంత తేలిగ్గా ఇస్తాడని పేరంటాలు అనుకోలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా వ్యవధి లేకుండా లోవలక్ష్మి అడ్డుపడింది.

"ఈయనకేం, చెయ్యి ఊపేత్తాడు. నూతి సంగతేంటి? పిల్లలు పొద్దస్తమానం ఇక్కడే ఆడతారు. మూత పెట్టి చక్రం పట్టుకెళ్లు."

"మిల్లు నడిస్తే మొదటి పలకలు నీకే పిన్నీ."

"నడిచాక కదా. నడిచేదాకా నా మనవలు గాల్లో నడుత్తారా?"

చక్రం వస్తేగానీ పలక రాదు, పలక వస్తేగానీ చక్రం కదలదు. పేరంటాలు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, రేపు మూత తెస్తానని చెప్పి వెళ్లింది. బజారులో ఒక రేకు కొన్నా సరిపోయేదే. రేకు కాలు వేస్తే వంగిపోతుందని ఆమెకు భయం. ఆమెకు అన్నిటికీ భయమే. రాత్రి వంటిల్లు సర్దుతూ ఇంట్లో గట్టివన్నీ ఒక్కొక్కటే చూసుకుంది. మర్నాడు చిన్న లారీ మీద తోటకు వచ్చినప్పుడు, దాని మీద తన ఇంటి వీధి తలుపు ఉంది.

దింపించి నూతి పక్కన పెట్టించింది. లోవలక్ష్మి దాని మీద ఎక్కి రెండుసార్లు మడమతో తన్ని చూసి, గట్టిదేనంది. భూషణం దగ్గరికి వచ్చి గొళ్లెం ఉన్న వైపు కూర్చున్నాడు. అరచేతితో ఆ చెక్కను ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా తడిమాడు. తను ఎటువైపు నిలబడగా అది మూసుకుందో ఆ వైపు పైకి ఉంది.

"ఇది తీసేత్తే రాత్రిళ్లు ఇంటికి ఏం అడ్డం పెడతావే?" అని అడిగాడు.

"దుప్పటి కట్టాను బాబాయ్."

ఆయన లేచాడు. కూలీలు నన్ను లారీకి ఎత్తుతుంటే చొక్కా తొడుక్కుని వచ్చి తనూ ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడికని భార్య అడిగితే, చక్రం దారిలో దొర్లిపోతే ఎవడు పట్టుకుంటాడని కసురుకున్నాడు. నన్ను తాళ్లతో నాలుగువైపులా కట్టారు. దొర్లే ప్రశ్నే లేదు. దారిపొడుగునా ఆయన ఒక చెయ్యి నా అంచు మీదే ఉంచాడు.

నన్ను మళ్లీ ఒకటి చేసిన పూట నాకు ఏమనిపించిందని మీరు అడిగితే, ముందు భయమే అనిపించింది. ఒక సగానికి తుప్పు, ఒక సగానికి వడియాల ఉప్పు. ఒకరినొకరు గుర్తుపడతామో లేదో. భూషణం నిచ్చెన ఎక్కి, చక్రం నిలువు తెలియడానికి నూలు వేలాడదీసి చూసి, బిగువు మరను తిప్పి, పట్టాను వేలితో మీటి చెవి పెట్టి విని, మళ్లీ తిప్పాడు. ఆ వయసులో నిచ్చెన ఎక్కవద్దని పేరంటాలు కింద నిలబడి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అలాగే పట్టుకుని మూడు పూటలు గడిపింది.

రేంజరు గారు వచ్చేసరికి కరెంటు పోయింది. ఎవరి తప్పూ కాదు, ఎండాకాలం. ఆయన దుంగ మీద కూర్చుని గడియారం చూసుకున్నాడు. పేరంటాలు స్విచ్చి దగ్గరినుంచి కదల్లేదు. భూషణం కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చాడు. తాగడం అయ్యాక ఇంకోటి కొట్టాడు. ఒకప్పుడు గోదావరిలో తెప్ప విడిపోయి దుంగలు యానాం దాకా పోయిన కథ చెప్పాడు. అది జరగలేదు, నాకు తెలుసు. కానీ బాగా చెప్పాడు. రేంజరు గారు నవ్వి, ఇంకో చోటికి వెళ్లాలని లేచి, జీపు తలుపు మీద చెయ్యి వేశాడు.

షెడ్డులో బల్బు వెలిగింది.

పేరంటాలు స్విచ్చి వేసింది. కింది చక్రం కదిలింది, పట్టా కదిలింది, పై చక్రం ఒకసారి మూలిగి తిరిగింది. పట్టా అంచు వైపు ఒక వెంట్రుకవాసి జరిగింది. భూషణం పైన మరను కొంచెం తిప్పాడు. పట్టా వెనక్కి వచ్చి కుదురుకుంది. యేసుపాదం దుంగ ఉన్న ట్రాలీ తోశాడు. వేపదుంగ నా పళ్లకు తగిలింది, తెగింది, తెగుతూనే పోయి రెండుగా విచ్చుకుంది. రేంజరు గారు ఆ పలక మీద చెయ్యి రాసి చూసి, పుస్తకం తీసి, నడుస్తోందని రాశాడు. పేరంటాలు ఆయనకు దండం పెట్టడం మరిచిపోయింది. జీపు వెళ్లిపోయాక గుర్తొచ్చి ఖాళీ రోడ్డుకు పెట్టింది.

తరవాత మేము నడిచాం. గుమ్మాలు, కిటికీలు, రొయ్యల చెరువుల వాళ్లకు పడవ పలకలు. డిపో యజమాని కూడా ఒక లోడు పంపాడు. పావురాల మాట ఎవరూ ఎత్తలేదు. భూషణం ఇంటికి వెళతానని రోజూ అనేవాడు, రోజూ ఏదో ఒక మర బిగించాల్సి వచ్చేది. మిల్లు గదిలోనే నులకమంచం వేసుకున్నాడు. అన్న గురించి ఒక్క మాట అనలేదు. మోటారు గోతిలోకి కూడా ఎప్పుడూ దిగలేదు, ఏదైనా కావాలంటే యేసుపాదాన్ని దింపేవాడు.

చివరికి లోవలక్ష్మి ఫోను చేసింది. తలుపు మీదినుంచి చేద దింపడానికి సందు లేక రోజూ దాన్ని ఇద్దరు పట్టి జరపాల్సి వస్తోందనీ, నడుములు పోతున్నాయనీ, తన మూత తనకు ఎప్పుడు వస్తుందనీ అడిగింది. పేరంటాలు మంచి మద్దిదుంగ ఏరి పలకలు తీయించింది. మధ్యలో చేద పట్టేంత కన్నం పెట్టించింది. మర్నాడు పొద్దున లారీలో మూత వెళుతుందనీ, తనూ దానితో పోతాననీ భూషణం చెప్పాడు. వెళ్లేవాళ్లు చెప్పి వెళ్లడం మంచిదే. నాకు మాత్రం ఆ రోజంతా పనిలో మనసు నిలవలేదు. ఆయన నాకు ఎదురుగా నిచ్చెన మీదే ఉన్నాడు, అయినా.

ఆ సాయంత్రం ఆఖరి దుంగ తెగింది. యేసుపాదం పలకలు ఎత్తి పక్కన పేర్చాడు, ట్రాలీ వెనక్కి వచ్చింది. కోయడానికి ఏమీ లేక పట్టా ఊరికే తిరుగుతోంది. భూషణం పై చక్రాన్నే చూస్తున్నాడు. ఎండ షెడ్డులోకి ఏటవాలుగా పడి, పొట్టు గాల్లో తేలుతోంది. నా హోరు తప్ప ఆ చోట ఇంకేమీ లేదు. ఆయన కిందికి చూడలేదు. రోజూ ఈ వేళకు అనే మాటనే అన్నంత మామూలుగా అన్నాడు.

"ఆపెయ్ అన్నయ్యా."

అన్నాక ఆయన మర మీది చెయ్యి కదల్లేదు. యేసుపాదం తల వంచుకుని చీపురు వెతుక్కున్నాడు. కింద పేరంటాలు చెయ్యి స్విచ్చి మీద ఉంది. ఆమె ఆయన్ని పిలవలేదు, సరిదిద్దలేదు.

"ఆపుతున్నా" అంది, ఆపింది.

మోటారు ఆగినా నేను వెంటనే ఆగను. బరువైన ఇనుమును, ఇంకా కొంత తిరుగుతాను. ఆయన నిచ్చెన మీదినుంచి దిగకుండా చూస్తూ నిలబడ్డాడు. ఆమె కింద నిలబడింది. పళ్లు కనబడేంత నెమ్మదించాను. తరవాత రెండు చక్రాలూ ఒకేసారి ఆగాయి.